దూరంలో ఉన్నవాళ్ళకి ఇంటి కబుర్లు వారం వారం ఎలా అందించాలి

కిందటేడు వేసవిలో మా అక్క కువైట్ నుంచి రెండేళ్ళ తర్వాత ఇంటికొచ్చింది. రాత్రి భోజనాలయ్యాక అందరం వాకిట్లో మంచాలు వేసుకుని కూర్చున్నాం. ఉన్నట్టుండి కరెంటు పోయింది. చీకట్లోంచి మా తమ్ముడు "బిల్లు కట్టలేదా తాతయ్యా?" అన్నాడు. ఇల్లంతా ఒకటే నవ్వు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. అక్క కూడా నవ్వింది. పావుగంట పోయాక వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే నా పక్కకొచ్చి మెల్లిగా అడిగింది: "ఆ బిల్లు సంగతేంటే?"

నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. ఆ సంగతి జరిగి అప్పటికే ఏడాది దాటింది. మా ఊరు రాజోలు దగ్గర. ఇంటి ముందే పంట కాలువ. ధవళేశ్వరం దగ్గర బయల్దేరిన గోదావరి నీళ్ళు పి.గన్నవరంలో అక్విడెక్టు అనే కాలువ వంతెన మీదుగా, గోదావరి పాయ వైనతేయని దాటి మా వైపు వస్తాయి. ఏటా వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు, జూన్‌లో మళ్ళీ వదులుతారు. తమ్ముడి కూతురు, ఆరేళ్ళది, సెలవులకి హైదరాబాద్ నుంచి వచ్చింది. ఎండిపోయిన కాలువ చూసి నీళ్ళేవని అడిగింది. నాన్నగారు "కాలువ కట్టేశారమ్మా" అన్నారు. అది కాసేపు ఆలోచించి, చాలా బాధగా, "బిల్లు కట్టలేదా తాతయ్యా?" అంది. వాళ్ళ ఫ్లాట్‌లో నెట్ ఆగినా కరెంటు ఆగినా అది వినే మాట అదే మరి. అప్పట్నుంచి మా ఇంట్లో ఏది ఆగిపోయినా, ఫ్యానైనా మిక్సీ అయినా, అందరి నోటా అదే మాట.

అక్కకి నాన్నగారి షుగరు సంగతి తెలుసు. చేను కౌలు ఎంతకి ఇచ్చామో తెలుసు. ఊళ్ళో ఎవరు పోయారో, ఎవరి పెళ్ళి కుదిరిందో తెలుసు. పెద్ద కబురు ఎలాగోలా చేరిపోతుంది. ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. చిన్న కబురుకి మాత్రం కాళ్ళుండవు, మనం మోసుకెళ్ళి ఇవ్వాలి. ఇవ్వకపోతే మన మనిషి సొంత వాకిట్లో చుట్టంలా కూర్చుంటుంది.

ఆ రాత్రి నుంచి నేను వారానికో ఇంటి ఉత్తరం రాస్తున్నాను. వాట్సాప్‌లోనే పంపుతాను గానీ దాన్ని ఉత్తరమనే పిలుస్తాను. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు దూరంగా ఉండే ఉంటారు, హైదరాబాదో బెంగళూరో గల్ఫో అమెరికానో. ఇది మీరూ మొదలుపెట్టాలని నా కోరిక. నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను.

ముందు ఒక్కరు పూనుకోవాలి

ఫ్యామిలీ గ్రూపు ఉంది కదా, ఇంక ఉత్తరమెందుకని మీరు అనుకోవచ్చు. మా గ్రూపులో ఇరవై ఆరుగురం ఉన్నాం. పొద్దున్నే దేవుడి బొమ్మలు, శుభోదయాలు, ఎవరో పంపితే వీళ్ళు ముందుకు తోసిన వీడియోలు. వాటి మధ్య "ఇవాళ పనసకాయ కోశాం" అని అమ్మ పెట్టిన ఫొటో ఎక్కడో కిందికి జారిపోతుంది. అందరి మీదా వదిలేసిన పని ఎవరూ చేయరు. అందుకని ఒక్కరు బాధ్యత తీసుకోండి. ఆ ఒక్కరికి తెలుగు గొప్పగా రానక్కర్లేదు. అమ్మానాన్నల ఇంటికి తరచూ వెళ్ళే మనిషై ఉంటే చాలు. నేను అమలాపురంలో ఉంటాను, వారానికి రెండుసార్లు ఊరెళ్తాను. కాబట్టి మా ఇంట్లో ఈ పని నాది. దూరంలో ఉన్నవాళ్ళే పూనుకుంటామంటే కూడా కుదురుతుంది, కానీ ఊళ్ళో వాళ్ళకొక చెవి ఉండాలి: పక్కింటి పిన్నో, బాబాయి కొడుకో.

తర్వాత రోజు ఖాయం చేసుకోండి. ఆ రోజు మన వీలును బట్టి కాదు, అందరికన్నా దూరంగా ఉన్న మనిషి వీలును బట్టి ఉండాలి. కువైట్‌లో శుక్రవారం సెలవు. అక్క ఒక ఇంట్లో పని చేస్తుంది, తీరిగ్గా ఫోన్ పట్టుకునేది ఆ రోజే. అందుకని నా ఉత్తరం గురువారం రాత్రి వెళ్తుంది. అక్కడి టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. అదే మీ వాళ్ళు న్యూయార్క్ వైపు ఉంటే మన ఆదివారం పొద్దున్న ఏడు గంటలకి వాళ్ళకి శనివారం రాత్రి, చలికాలంలో ఎనిమిదిన్నర, ఎండాకాలంలో తొమ్మిదిన్నర. ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే చాలు. ఆ తర్వాత రోజు మార్చకండి. అక్క ఓసారి అంది: "శుక్రవారం లేవగానే ముందు నీ ఉత్తరం చూస్తానే, ఆ తర్వాతే టీ." అది విన్నాక జ్వరమొచ్చినా నేను గురువారం తప్పలేదు.

కబుర్లు ఎలా పట్టుకోవాలి

"ఏంటమ్మా విశేషాలు?" అని అడగకండి. "ఏవున్నాయి, మామూలే" అన్న జవాబు తప్ప ఇంకోటి రాదు. వస్తువు పేరు పెట్టి అడగండి. ఈ కొబ్బరి దింపుకి ఎన్ని కాయలొచ్చాయి? గేదె ఈనిందా? పాలబ్బాయి ఇవాళెందుకు ఆలస్యమయ్యాడు?

ఒకసారి నేను కాయలెన్నని అడిగితే నాన్నగారు లెక్క చెప్పి, "ఒక గెల వదిలేశాంలే" అన్నారు. ఎందుకని అడిగాను. దింపుడు మనిషి చెట్టెక్కాక పైనుంచి కేకేశాడట: "బాబుగారూ, ఇక్కడ పిట్ట గూడుందండీ. పిల్లలున్నాయండీ. కొట్టమంటారా?" నాన్నగారు కిందనుంచి, "వద్దులే, దిగిరా" అన్నారు. అతను దిగొచ్చి, "ఆయ్, నేనూ అదే అనుకున్నానండీ, మీరు కొట్టమన్నా కొట్టేవాణ్ణి కాదు" అన్నాడట. కాయలెన్ని అని అడక్కపోతే ఈ కబురు ఆ చెట్టు దగ్గరే ఉండిపోయేది.

చేతికి పనున్నప్పుడు నోరు తేలికవుతుంది. అమ్మ ఊరికే కూర్చుంటే కబుర్లు చెప్పదు. చింతపండు గింజ తీస్తున్నప్పుడు, ఆవకాయకి ముక్కలు తుడుస్తున్నప్పుడు పక్కన కూర్చుని మీరూ ఓ గుడ్డ తీసుకోండి. పదో ముక్కకి పక్కింటి సంగతి వస్తుంది, ఇరవయ్యో ముక్కకి తన చిన్నప్పటి సంగతి వస్తుంది. నాన్నగారి తీరు వేరు. ఫోన్‌లో ఆయన "ఆయ్... ఆయ్... సరే, అమ్మకిస్తున్నా" తప్ప మాట్లాడరు. అదే సాయంత్రం కాలువ గట్టు మీద పక్కన నడిస్తే మాట మీద మాట. మీ ఇంట్లో ఎవరు ఎక్కడ నోరు విప్పుతారో మీకు తెలుసు. అక్కడికి మీరే వెళ్ళండి.

విన్నది ఆ రోజే రెండు ముక్కల్లో రాసి పెట్టుకోండి. నేను పాత క్యాలెండర్ కాగితాల వెనక రాస్తాను. "గెల – పిట్టగూడు – నేనూ అదే అనుకున్నా." అంతే చాలు. గురువారానికి ఇది కనపడగానే మొత్తం గుర్తొస్తుంది. రాసుకోకపోతే సంగతి గుర్తుంటుంది గానీ అతను అన్న మాట పోతుంది. కబురుకి ప్రాణం ఆ మాటే.

ఏది రాయాలి, ఏది వదలాలి అని టెన్షన్ పడకండి. నా కొలత ఒకటే. అక్క ఇక్కడే ఉండుంటే ఇది చూసేదా? చూసేదైతే రాస్తాను. వారానికి ఐదారు కబుర్లు చాలు. అంతకన్నా ఎక్కువైతే చదివేవాళ్ళకి ఏదీ మిగలదు.

రాసే తీరు

నా అనుభవంలో తేడా అంతా ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఒక బుధవారం బాబాయి ఫోన్ చేసి, "మీ అమ్మా నాన్నా నరసాపురం పెళ్ళికెళ్తూ రేవులో విడిపోయారే, భలే నవ్వొచ్చింది" అన్నాడు. ఇదే అలాగే రాసి పంపితే అక్క "అయ్యో, అవునా" అంటుంది, అంతే. ఆ నవ్వు బాబాయి దగ్గరే ఉండిపోయింది, మాటల్లోకి రాలేదు. మర్నాడు నేను ఊరెళ్ళి ఇద్దర్నీ విడివిడిగా అడిగాను. చేతిలో ఏముంది? ఎవరు ముందు ఎక్కారు? నువ్వేమని కేకేశావు? దిగగానే మొదటి మాట ఏంటి? అడిగాక ఉత్తరంలో ఇలా రాశాను (పంటు అంటే రేవులో గోదావరి దాటించే పెద్ద పడవ):

"నిన్న నాన్నగారూ అమ్మా నరసాపురం పెళ్ళికి బయల్దేరారు. సఖినేటిపల్లి రేవులో నాన్నగారు చదివింపుల స్టీలు బిందె పట్టుకుని పంటెక్కేశారు. అమ్మ వెనకే వస్తోందనుకున్నారు. అమ్మ రేవు మీద మల్లెపూలు బేరమాడుతోంది. పంటు కదిలింది. అమ్మ 'ఏవండీ!' అని కేకేసింది. పంటు మీదున్న మగాళ్ళలో సగంమంది వెనక్కి తిరిగారు, నాన్నగారు తప్ప. ఆయన ఇంజను పక్కన నిలబడ్డారు. పంటు కుర్రాడే చూసి, 'బాబాయ్‌గారూ, పిన్నిగారు పూల దగ్గరున్నారు, మళ్ళీ ట్రిప్పులో తీసుకొస్తాలెండి' అన్నాడు. ఆ కంగారులో నాన్నగారు బిందె పంటు మీదే వదిలేసి దిగారు. అవతలి ఒడ్డున రెండు టీలు చెప్పి కూర్చున్నారు. రెండూ చల్లారిపోయాయి. అదే పంటులో అమ్మ వచ్చింది. దిగుతూనే, 'ఏవండీ, అచ్చం మన బిందెలాంటిదే ఇంకెవరో కూడా చదివింపులకి తెచ్చారండీ, పంటులో చూశాను' అంది."

అక్కడితో ఆపేశాను. పంటు కుర్రాడు బిందె తెచ్చిచ్చాడని రాయలేదు. అడగాలనిపిస్తే అక్కే అడుగుతుంది. అడిగింది కూడా. మరుసటి గంటలోనే.

ఇందులో గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. 'నవ్వొచ్చింది' అన్న మాట ఎక్కడా లేదు. నవ్వు వచ్చే పని చదివేవాళ్ళకి వదిలేయాలి, మనం ముందే నవ్వేస్తే వాళ్ళకేం మిగలదు. వస్తువు ఉంది. స్టీలు బిందె లేకపోతే ఈ కబురే లేదు. ఎవరు అన్న మాట వాళ్ళ నోట్లోంచే వచ్చింది. అమ్మ ఏవండీ అంటే 'ఏవండీ' అనే రాయండి, దాన్ని పుస్తకాల తెలుగులోకి దిద్దకండి. 'ఆయ్'ని 'అవును' చేయకండి. ఆ మాట చదివితే అక్కకి గొంతు వినపడాలి. ఇక చివరి మాటని ముందు చెప్పేయకండి. బాబాయి చేసింది అదే, విడిపోయారన్న సంగతి మొదటే చెప్పేశాడు.

ఇంకొకటి కూడా మనసులో పెట్టుకోండి. లేనిది కలపకండి. అమ్మ నీళ్ళలోకి పరిగెత్తిందని రాస్తే ఇంకాస్త రక్తి కట్టేదేమో. కానీ అమ్మ పరిగెత్తలేదు. అమ్మ ఎలాంటి మనిషో అక్కకి తెలుసు. ఒక్కచోట అబద్ధం తగిలిందంటే మిగతా ఉత్తరమంతా అనుమానంగా చదువుతుంది.

అన్ని కబుర్లకీ ఇంత అక్కర్లేదు. "మందారం మళ్ళీ పూసింది. ఈసారి పసుపుది." ఇది కూడా కబురే.

నవ్వే ముందు ఆ మనిషిని అడగండి

ఇది నేను ఒకరిని నొప్పించి నేర్చుకున్నాను. వరదనీరు వచ్చే రోజుల్లో సముద్రంలోంచి విలస చేప గోదావరికి ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి పైకొస్తుంది. అలా వచ్చినదే పులస. పుస్తెలమ్మైనా పులస తినాలని మన దగ్గర సామెత. ధర వేలల్లో ఉంటుంది. ఒక ఆగస్టులో మావయ్య పులస అని చెప్పి ఒక చేప తెచ్చారు. అత్తయ్య పులుసు పెట్టింది. అమ్మమ్మ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది విలసరా అబ్బాయ్" అంది. నేను అది ఉత్తరంలో రాశాను. సాయంత్రానికి పిల్లలందరూ గ్రూపులో మావయ్యకి చేప బొమ్మలు పంపడం మొదలుపెట్టారు. వారం కాదు, రెండు నెలలు ఆయన గ్రూపులో ఒక్క ముక్క రాయలేదు.

తర్వాత తెలిసింది. అమ్మమ్మకి జ్వరం తగ్గాక ఏదీ నోటికి సయించక, పులస పులుసు తినాలని ఉందని మావయ్యతోనే అందట. ఆయన తెల్లవారుజామునే లేచి మూడు రేవులు తిరిగి ఆ చేప పట్టుకొచ్చారు. మోసం చేసింది అమ్మినవాడు. అమ్మమ్మ విలస అని చెప్పింది నిజమే, కానీ ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. నేను ఇవేవీ అడక్కుండా ఒక్క మాట మాత్రమే పట్టుకుని రాసేశాను. వెళ్ళి ఆయన చేతులు పట్టుకుని క్షమించమన్నాను. మరుసటి గురువారం మొత్తం మళ్ళీ రాశాను, మూడు రేవులతో సహా. అప్పుడు ఆయనే గ్రూపులో, "వచ్చే ఏడాది అసలుది తెస్తా, అందరూ రండి" అని రాశారు.

అప్పట్నుంచి ఎవరి మీద నవ్వు ఉందో వాళ్ళకి ముందు చదివి వినిపిస్తాను. వాళ్ళు నవ్వితే పంపుతాను. ఒక్క క్షణం తటపటాయించినా తీసేస్తాను, ఎందుకని అడగను. రంగు, ఒళ్ళు, అప్పు, పిల్లలు పుట్టకపోవడం, ఉద్యోగం పోవడం, వీటి జోలికి అసలు పోవద్దు. పిల్లల విషయంలో కూడా ఇంతే. పదేళ్ళు దాటిన పిల్లలకి చిన్నప్పటి సంగతులు గ్రూపులో కనపడితే సిగ్గుగా ఉంటుంది. 'బిల్లు' సంగతి కూడా మా మేనకోడల్ని అడిగాకే ఇక్కడ రాశాను. "రాయి అత్తా, కానీ నేను అప్పుడు చిన్నదాన్నని రాయి" అంది. రాశాను.

మంచి కబురు కానప్పుడు

వెనకటి ఉత్తరాలు 'క్షేమం, ఉభయకుశలోపరి' అని మొదలయ్యేవి. అది ఊరికే వచ్చిన అలవాటు కాదు. ఉత్తరం విప్పే చెయ్యి వణుకుతుందని తెలిసిన పెద్దలు ముందు ఆ మాట పెట్టారు. టెలిగ్రాం వచ్చిందంటే చదవకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవని అమ్మమ్మ చెప్పేది. మాటకింత అని డబ్బు తీసుకునేవారు కాబట్టి అందులో పెద్ద సంగతి తప్ప ఇంకేం పట్టేది కాదు. ఆ టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది. భయం మాత్రం మిగిలింది. అర్ధరాత్రి ఇంటి నుంచి మెసేజ్ వస్తే పరాయి దేశంలో ఉన్న మనిషి గుండె ఎలా కొట్టుకుంటుందో ఆలోచించండి.

కాబట్టి ఉత్తరం మొదటి వరుస ఇలా ఉండాలి: నాన్నగారు, అమ్మ, అమ్మమ్మ, పిల్లలు అందరూ బాగున్నారు. పేరు పేరునా రాయండి. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ఆ వరుసలోనే ఉన్నదున్నట్టు చెప్పండి. నాన్నగారికి షుగరు కొంచెం పెరిగింది, డాక్టరుగారు మందు మార్చారు, రెండు వారాల్లో మళ్ళీ పరీక్ష. దాచకండి. ఒకసారి దాచామని తెలిస్తే ఆ తర్వాత మనం బాగున్నామన్నా వాళ్ళకి నిద్రపట్టదు. నిజంగా పెద్ద కష్టం వస్తే ఉత్తరంలో రాయకండి, ఫోన్ చేసి చెప్పండి. అదీ వాళ్ళ పక్కన ఒక మనిషి ఉన్నప్పుడు.

వరదప్పుడు సంగతి వేరు. 2022 జూలైలో గోదావరి పోటెత్తి లంకలు మునిగినప్పుడు మా గ్రూపు నిండా వీడియోలే. ఏది ఏ ఊరిదో, ఏ ఏటిదో ఎవరికీ తెలియదు. అక్క అక్కడ కూర్చుని అవే చూస్తూ ఏడ్చింది. మా ఇంట్లోకి నీళ్ళు రాలేదు. ఆ మాట ముందు చెప్పిన మనిషే లేకపోయాడు. అందుకని వరద రోజుల్లో ఉత్తరం ఆపేసి, పూటకొక చిన్న మెసేజ్ పెట్టండి. అందులో మీరు కంటితో చూసింది మాత్రమే ఉండాలి, టైముతో సహా. ఉదాహరణకి: "ఉదయం ఆరున్నర. నీళ్ళు గట్టుకి రెండు మెట్లు కింద ఉన్నాయి. అందరం ఇంట్లోనే ఉన్నాం. గేదెల్ని బాబాయి వాళ్ళ మెరక దొడ్లోకి తోలాం. ఫోన్ ఛార్జింగు ఉంది. మళ్ళీ పన్నెండుకి రాస్తాను." ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ మూడు అంకెలూ దూరంలో ఉన్నవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. అప్పుడు టీవీలో ఒక అంకె కనపడగానే అది ఎంత పెద్దదో వాళ్ళకే అర్థమవుతుంది. పన్నెండుకి రాస్తానన్నాక పన్నెండుకి రాయాలి. చెప్పడానికి కొత్తగా ఏం లేకపోయినా సరే.

పంపడం, దాచడం

అక్షరాలూ పంపండి, గొంతూ పంపండి. మొదట్లో నేను అన్నీ వాయిస్ మెసేజ్‌లే పెట్టేదాన్ని. అక్క పని చేసే ఇంట్లో గట్టిగా పెట్టుకుని వినడానికి లేదని చాలా రోజులకి గానీ చెప్పలేదు. అక్షరాలైతే వంటగదిలో నిలబడి రెండు నిమిషాల్లో చదివేసుకుంటుంది. గొంతు రాత్రికి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని. అందుకని ఉత్తరం రాశాక చివర్లో అమ్మ చేత అర నిమిషం మాట్లాడించి పంపుతాను. మైకు గుర్తు నొక్కి పట్టుకుని పైకి జరిపితే తాళం పడుతుంది, ఆ తర్వాత వేలు తీసేయొచ్చు. ఫోన్ అమ్మ ముందు పెట్టి ఆవిడ పని ఆవిణ్ణి చేసుకోనివ్వండి. మాట్లాడమంటే బిగుసుకుపోతుంది. వెనకాల కాకి అరుపూ, పోపు చిటపటా, గుడి మైకూ అన్నీ రానివ్వండి.

టైపు చేయడం కష్టమైతే గూగుల్ కీబోర్డులో మైకు నొక్కి తెలుగులోనే చెప్పండి, అదే రాసుకుంటుంది. 2017 నుంచి తెలుగుకి ఆ సదుపాయం ఉంది. చెప్పాక ఒకసారి చదువుకుని మన మాటల్ని మాత్రం మళ్ళీ మన మాటలుగా దిద్దండి.

ఫొటోలు రెండు చాలు. వరసగా నిలబడి తీయించుకున్నవి వద్దు. ఈ ఏడు జూన్‌లో కాలువకి నీళ్ళొదిలిన రోజు పొద్దున్నే నేను గట్టు మీదకెళ్ళి, తూటికాడని తోసుకుంటూ వస్తున్న ఎర్రనీళ్ళు ఫొటో తీసి అక్కకి పంపాను. కింద "బిల్లు కట్టేశాం" అని రాశాను. ఈసారి అక్కకి ఎవరూ వివరం చెప్పక్కర్లేకపోయింది.

దాచే పని వాయిదా వేయకండి. ఫోన్ పోతే, మార్చుకుంటే సగం పోతాయి. ముందు మీ గ్రూపులో మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి. ఆరు నెలలకోసారి ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి ఆ ఫైలు మీ మెయిల్‌కి పంపుకోండి. కానీ నా నమ్మకం పుస్తకం మీదే. రెండువందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని, ప్రతి ఉత్తరాన్నీ కుడివైపు పేజీలో చేత్తో ఎక్కించండి, తారీఖుతో. మన దగ్గర గాలిలో చెమ్మ ఎక్కువ, చెద కూడా ఎక్కువ. నేల మీద పెట్టె అడుగున పెట్టకండి. ఇనప బీరువా పై అరలో, ప్లాస్టిక్ కవర్లో ఉంచి, నెలకోసారి ఎండ పొడ తగలనివ్వండి.

ఎడమవైపు పేజీ ఖాళీగా వదలండి. అది అవతలివాళ్ళది. అక్క పంపే జవాబు అక్కడ రాస్తాను. మొదట్లో "చాలా బాగుంది" అని ఒక్క ముక్క వచ్చేది. అమ్మని అడిగినట్టే అక్కనీ వస్తువు పేరు పెట్టి అడగడం మొదలుపెట్టాను. ఇవాళ అక్కడేం వండావు? ఆ ఇంటి చిన్నపిల్ల నిన్నేమని పిలుస్తుంది? దానికి వచ్చిన జవాబు ఎడమవైపు మూడో పేజీలో ఉంది. ఆ పిల్లకి నాలుగేళ్ళు. అక్క ఫోన్‌లో మాట్లాడుతుంటే విని విని "ఆయ్" అనడం నేర్చుకుందట. వాళ్ళమ్మ ఏది చెప్పినా "ఆయ్" అంటోందట. ఇది నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న తనంతట తనే అక్కకి ఫోన్ చేసి, "ఆ పిల్లనోసారి పిలువమ్మా" అన్నారు.

సంక్రాంతికి అందరూ చేరినప్పుడు పుస్తకం బయటికి తీయండి. భోగినాడు పిండివంటల హడావిడి, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం. కౌశిక కాలువ నీళ్ళలోంచి, దేవుణ్ణి నిలిపిన ఎత్తైన ప్రభని భుజాల మీద దాటించడం చూసి ఇంటికొచ్చేసరికి రాత్రవుతుంది. ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. చదవడానికి మంచి సమయం అదే. పిల్లల చేత చదివించండి. తడబడితే పెద్దవాళ్ళు అందిస్తారు. మొదటి పేజీ నుంచి వరసగా కాదు, ఎక్కడ తెరిస్తే అక్కడ చదవమనండి.

చదువుతున్నప్పుడు చేతిలో ఎర్ర పెన్ను ఉంచుకోండి. మొన్న సంక్రాంతికి మేనకోడలు రేవు సంగతి చదువుతుంటే అమ్మ మధ్యలో ఆపేసింది. "మల్లెపూలు కాదే, కనకాంబరాలు. మల్లెలు ముందే జళ్ళో ఉన్నాయి." నాన్నగారు "మల్లెపూలే" అన్నారు. అమ్మ ఆయన వైపు చూసి, "మీరు చూస్తే కదా, పంటెక్కేశారుగా" అంది. ఇలాంటివి వచ్చినప్పుడు పాతది కొట్టేయకండి. పక్కన మార్జిన్లో, ఎవరన్నారో రాసి, ఆ రోజు తారీఖు వేయండి.